కిటికీ చెంత కావలి



నేటి నా ప్రసంగము గృహరక్షణమును గూర్చినది. అందును, కిటికీల చెంత అమర్చునట్టి మోషన్ సెన్సారు అను చిన్న యంత్రమును గూర్చి చెప్పదలచితిని. మనుష్యుడు గదిలో అడుగిడినంతనే అతని కదలికను పసిగట్టి, గంట మ్రోగించియో, సెల్ ఫోనునకు వార్త పంపియో ఇంటివారిని హెచ్చరించు సాధనమిది. బాలురచేత శబ్దములును ధాతువులును వల్లెవేయించి విశ్రాంతి గొన్న తెలుగు పండితునకు ఈ యంత్రముతో నేమి ప్రసక్తి యని మీలో కొందఱకు తోచవచ్చును. ప్రసక్తి కలదు. ఈ యంత్రములిపుడు పట్టణపు మేడలనుండి మన పల్లెల లోగిళ్ళకు వచ్చినవి. తెచ్చువారు మన బిడ్డలు. వానితో కాపురము చేయవలసినవారము మనము. తెచ్చినవారు గోడకు బిగించి మఱునాడే రైలెక్కుదురు. పిమ్మట అది అర్ధరాత్రమున కూసినయెడల, ఏల కూసినదో తెలియక గుండెలు చేతబట్టుకొని కూర్చుండునది వృద్ధులే. కావున దాని స్వభావమును మనమే ఎఱుగవలెను.

మాది ఆత్రేయపురము. ధవళేశ్వరము ఆనకట్టకు దిగువన, గోదావరీజలములతో పండు కోనసీమ గ్రామము. పూతరేకులవలన దేశమంతట పేరొందినది. ఆ పూతరేకులకు 2023లో భౌగోళికసూచిక గుర్తింపును లభించినది. సంక్రాంతికి మా వీధులు బండ్లతోను కార్లతోను నిండిపోవును. పండుగ వెళ్ళిన వారము దినములకు ఒక్కొక్క యింట ఇద్దఱేసి ముసలివారు మిగులుదురు. కొన్ని యిండ్లకు తాళములే మిగులును. కొడుకులు హైదరాబాదున, బెంగుళూరున, అమెరికాలో నుందురు. ఇంటినిండ జనమున్న దినములలో దొంగకు వెఱచినవారు లేరు. తాతగారి దగ్గు, పసివాని ఏడుపు, పెరటి పాక దగ్గఱ పాలేరు పడక, అరుగుమీద కుక్క, ఇవియే ఇంటికి కావలి. ఆ కావలి పోయిన స్థానమున నేడు యంత్రమును నిలుపుచున్నారు.

ఇంటికి కావలిగా అన్యప్రాణులను వినియోగించుట పూర్వులకును తెలిసినదే. రాజగృహమున విషమునో సర్పమునో శంకించినప్పుడు చిలుక, గోరువంక, భృంగరాజము అఱచునని కౌటిల్యుడు అర్థశాస్త్రమున వ్రాసెను. క్రీస్తునకు పూర్వము 390 ప్రాంతమున శత్రువులు చీకటిలో రోము నగరపు కొండనెక్కుచుండగా కుక్కలు పసిగట్టలేదనియు, దేవాలయపు బాతులు అఱచి కావలివారిని లేపినవనియు ఆ దేశపు చరిత్రకారులు చెప్పుదురు. ఆ కథలో నాకు నచ్చిన అంశము మఱియొకటి. బాతులు శత్రువులను తఱుమలేదు. అవి అఱచినవి, లేచి తఱిమినవారు మనుష్యులు. ఈ విషయమును మనస్సున నుంచుకొనుడు. నేను చెప్పబోవునదంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

దొంగయు కాలమునుబట్టి దారి మార్చును. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయు ఘట్టమును చదివినవారెఱుగుదురు. ఏ చోట గోడ నీరు త్రాగి మెత్తబడినదో, ఏ చోట శబ్దము కాదో అతడు వెదకును. కన్నము పద్మాకారమున నుండవలెనా, పూర్ణకుంభాకారమున నుండవలెనా యని శాస్త్రచర్చ చేయును. కొలత్రాడు మఱచివచ్చి జందెముతోనే కొలుచును. లోపలి దీపము నార్పుటకు ఒక పురుగును విడుచును. గోడలు మట్టివియు మెత్తని యిటుకవియు నైన దినములలో కన్నపుదొంగ కథ యది. నేడు సిమెంటు గోడకు కన్నము వేయువాడు అరుదు. వాడు పెరటి తలుపును చూచును, లేదా కిటికీని చూచును. మన కాలువగట్టుల తేమకు కిటికీ చట్రపు అడుగుకఱ్ఱ పుచ్చును. పుచ్చిన కఱ్ఱలోనుండి ఇనుపచువ్వ ఊడదీయుట ఎంతసేపటి పని? అయినను శర్విలకుని నాటినుండి నేటివఱకు దొంగ వెఱచునవి మూడే: వెలుతురు, శబ్దము, మేల్కొన్న మనుష్యుడు. ఏ సాధనమైనను ఈ మూడింటిలో ఒకదానినైన సమయమునకు తెచ్చినదా లేదా యనియే దాని విలువను కట్టవలెను.

ఇక యంత్రము పనిచేయు విధము. పూతరేకులు తీయు స్త్రీని మీరు చూచియేయుందురు. బోర్లించిన కుండ క్రింద మంటపెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో గుడ్డను ముంచి, కుండపై ఒక్క లాగు లాగును, రేకు వచ్చును. కుండ తగినంత వేడెక్కినదో లేదో తెలిసికొనుటకు ఆమె దానిని ముట్టనక్కఱలేదు. ప్రక్కన కొంచెము ఎడముగా అఱచేయి చూపిన చాలును. ముట్టకయే వేడి తెలియుట యెట్లు? వేడిగల ప్రతి వస్తువునుండియు కంటికి కానరాని కిరణములు వెలువడుచుండును. వానిని పరారుణకిరణములందురు. విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1800లో సూర్యకాంతిని గాజుపట్టకముచే విడదీసి, ఎఱుపునకు ఆవల ఏ రంగును లేని చోట ఉష్ణమాపకమునుంచి, అచటను వేడి యుండుట కనిపెట్టెను. మన దేహములును కుండవలెనే సదా ఈ కిరణములను వెదజల్లుచున్నవి. మోషన్ సెన్సారు ఆ వేడిని కనిపెట్టు అఱచేయి.

అయితే వేడి యున్నంతమాత్రమున అది కూయదు. దానిలోపల కన్నువంటి భాగము రెండు సగములుగా నుండును. గది యంతయు ఒక్కమాఱుగా వేడెక్కినయెడల రెండు సగములును సమానముగ వేడెక్కి, ఒకదాని నొకటి రద్దుచేసికొనును. మనుష్యుడు నడచిపోవునపుడు అతని వేడి ముందొక సగముపైనను, పిమ్మట రెండవ సగముపైనను పడును. ఈ భేదమే కదలికకు గుర్తు. పైన కనిపించు తెల్లని ముఖముపై సన్నని గాడులుండును. అది యొక కటకము. ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రెనెల్ సముద్రతీరపు దీపస్తంభములకై కల్పించిన కటకముల జాతికి చెందినది. అది గదిని విసనకఱ్ఱ పుల్లలవలె అనేక భాగములుగ విభజించి చూచును. రామాయణమున సింహిక హనుమంతుని దేహమును గాక నీడను పట్టి నిలిపెనని కదా కథ. ఈ యంత్రమును అట్టి ఛాయాగ్రాహియే. దొంగ ముఖము దీనికి తెలియదు. అతని వేడినీడ మాత్రమే దీనికి చిక్కును.

ఈ స్వభావము నెఱిగినచో కిటికీ చెంత దాని నెచ్చట నుంచవలెనో మనకే బోధపడును. జనసామాన్యము చేయు పొరపాటు, దొంగ వచ్చునది కిటికీనుండి గనుక యంత్రమును కిటికీ కెదురుగా బిగించుట. ఇది తగదు. ఏలయన, పగలు కిటికీనుండి వచ్చు ఎండ నేలపై పడి జరుగుచుండును. వడగాలి తెరను ఊపుచుండును. రాత్రి తెఱచిన కిటికీగుండ వీధిలోని మనుష్యులు, ఎద్దులు, కుక్కలు దానికి కనిపించుచుండును. ఇక మూసిన గాజు తలుపు వెనుక నుంచి బయట నున్నవానిని కనిపెట్టుమన్నచో, గ్రుడ్డివానికి అద్దము చూపినట్లే యగును. గాజు వెలుతురును పోనిచ్చును గాని దేహపు వేడికిరణములను పోనీయదు. మన కంటికి గాజు కిటికీ. ఈ యంత్రపు కంటికి గాజు గోడ.

మఱి యెచ్చట నుంచవలెను? కిటికీయున్న గోడకు ప్రక్కగోడమీద, మూలకు చేరువగ, నేలనుండి సుమారు ఏడడుగుల యెత్తున. కిటికీనుండి లోనికి దిగినవాడు దానివైపునకు నేరుగ రాక, దాని యెదుట అడ్డముగ నడువవలెను. దీనికి కారణమును గోదావరి రేవున నిలుచుండి తెలిసికొనవచ్చును. దూరమున మనకు నేరెదురుగ వచ్చు పడవ కదలనట్లే తోచును. అడ్డముగ పోవు పడవ కదలిక వెంటనే కనబడును. సెన్సారు చూపును అట్టిదే. ఎదురుగ వచ్చువానిని ఆలస్యముగ గుర్తించును, అడ్డముగ పోవువానిని తటాలున పట్టుకొనును. సామాన్యమగు యంత్రము ముప్పది, నలువది అడుగుల దూరమువఱకు చూడగలదు. మన గదులకది చాలును. దాని యెదుట బీరువాగాని, ధాన్యపు బస్తాలుగాని, దోమతెరగాని అడ్డముండరాదు. దేవతార్చన దీపము, వంటపొయ్యి, రిఫ్రిజిరేటరు వెనుకభాగము దాని చూపునకు సూటిగ తగులరాదు.

మా వీధిలో ఒక వృద్ధదంపతుల యింట జరిగినది చెప్పెదను. విదేశముననున్న కుమారుడు సంక్రాంతికి వచ్చి, పట్టణమునుండి పనివానిని రప్పించి, పడకగదిలో తూర్పు కిటికీ కెదురుగ సెన్సారు నొకదానిని పెట్టించి వెళ్ళెను. నాటినుండి రాత్రికి రెండు మూడుమార్లు అది కూయనారంభించెను. మొదటి రాత్రి ఇరుగుపొరుగు కఱ్ఱలతో పరుగెత్తిరి. రెండవ రాత్రి ఒక్కడు కిటికీలోనుండి కేకవేసి అడిగెను. నాలుగవ రాత్రి ఎవరును కదలలేదు. అయిదవ దినమున ఆ పెద్దాయన యంత్రముపై తువ్వాలు కప్పి హాయిగ నిద్రించెను. ఈ సంగతి విని నేను పోయి చూచితిని. కిటికీ తలుపులు తెఱచియున్నవి. బయట కాలువగట్టు బాట. ఆ బాటను పోవు ప్రతి కుక్కయు దానికి దొంగయే. దానిని విప్పించి ప్రక్కగోడకు బిగించి, బాట కానరాకుండ త్రిప్పితిమి. నేను కిటికీచెంతనుండి గది కడ్డముగ ఒకమాఱు నడచియు, ఒకమాఱు వంగి ప్రాకియు పరీక్షించితిని. రెండుమార్లును ఎఱ్ఱదీపము వెలిగినది. ఆపై అది నిష్కారణముగ కూయలేదు. అయితే నాలుగు రాత్రుల అబద్ధపు కూతలవలన చెడిన నమ్మకము వీధిలో మఱల కుదురుటకు నెలలు పట్టినది. నాన్నా పులి యని ఊరక అఱచిన పసులకాపరి కథను మనము పిల్లలకు చెప్పుచుందుము గదా. యంత్రమునకును ఆ కథయే వర్తించును. అబద్ధపు కూత చిన్న తప్పు కాదు. అది నిజమైన కూతను ముందుగనే చంపివేయును.

ఈ సాధనము శీతలదేశముల యిండ్లలో ఎంత బాగుగ పనిచేసినను, మన వేసవిలో దానికొక చిక్కు కలదు. మనుష్యుని చర్మపు వేడి సుమారు 33, 34 డిగ్రీలు. చలికాలపు రాత్రి గోడ చల్లగ నుండును గనుక మనుష్యుడు దానియెదుట స్పష్టముగ కనబడును. రోహిణీకార్తెలో బయట 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున గది వేడియు 34, 35కు చేరినచో గోడకును మనుష్యునకును భేదము నశించును. భేదముపైననే బ్రదుకు యంత్రమునకు అప్పుడు చూపు మందగించును. మంచి యంత్రములలో గది వేడిని బట్టి సూక్ష్మతను సవరించుకొను ఏర్పాటు కలదు. కొనునపుడు అడిగి తెలిసికొనుడు. ఎట్లున్నను వేసవి మధ్యాహ్నమున ఇల్లంతయు కునుకు తీయు వేళ యంత్రమును నమ్మి పెరటితలుపు గడియ మఱువరాదు.

మన కిటికీలకు పరదేశపు కిటికీలకు మఱియొక భేదము గలదు. అచట కిటికీ మూసియుండును. ఇచట రాత్రియంతయు తెఱచియుండును. గోదావరి గాలి లేక మనకు నిద్రపట్టదు. అందుచేత అచ్చటి సాధనములన్నియు మనకు చెల్లవు. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమున అగస్టస్ రసెల్ పోపు అను నతడు 1853లో విద్యుత్తుచే పనిచేయు దొంగగంటకు పేటెంటు పొందెను. తలుపుగాని కిటికీగాని తెఱచినంతనే గంట మ్రోగును. నేటి అయస్కాంతపు సెన్సారు దాని వంశములోనిదే. చట్రమున కొక ముక్క, ఱెక్క కొక ముక్క అంటింతురు. ఱెక్క కదలినంతనే వార్త పోవును. తలుపునకును, మూసియుంచు కిటికీకిని ఇది మిక్కిలి నమ్మదగినది. ఎండకును పిల్లికిని ఇది కూయదు. కాని ఱెక్క తెఱచియే యుంచి చువ్వలను నమ్ముకొని నిద్రించు కిటికీకి దీనివలన ప్రయోజనమేమి? దొంగ ఱెక్కను ముట్టడు, చువ్వను కోయును. అట్టి కిటికీకి రెండు ఉపాయములు గలవు. చువ్వలకు అంటించు కంపనసెన్సారు ఒకటి. రంపము పెట్టినను, ఊపినను అది పసిగట్టును. రెండవది కర్టెన్ సెన్సారు. ఇది గదినంతటిని చూడదు. కిటికీ పైభాగమున లోపలివైపు బిగించినచో, పైనుండి క్రిందికి సన్నని తెరవలె చూపును దించును. ఆ తెరను దాటి చేయి లోనికి వచ్చిన తోడనే కూయును. గదిలో మంచముపై మనము ఇటునటు దొర్లినను దానికి పట్టదు. ఇంటిలో మనుష్యులు నిద్రించుచుండగా కావలి కావలెనన్నచో ఇదియే తగినది. గదినంతటిని చూచు సెన్సారు ఎవ్వరును లేని గదికి, తాళము వేసిన యింటికి తగును.

పిల్లిని గూర్చి యొకమాట. నేలపై తిరుగు చిన్నజంతువులను లెక్కచేయనట్టి సెన్సారులు దొరకును. కాని మన పిల్లి నేలపైననే తిరుగునా? చువ్వలనుండి దూఱి, కిటికీ గట్టున కూర్చుండి, బీరువా నెక్కును. ఎత్తున యంత్రము ముఖమునకు దగ్గఱగ నున్న పిల్లి దానికి పెద్దపులియే. పిల్లి తిరుగు ఇంట సెన్సారు చేరువను ఎక్కదగిన వస్తువు లేకుండ చూచుకొనుడు. అట్లే బల్లియు సాలెపురుగును దాని ముఖముపై కాపురము పెట్టక మానవు. నెలకొకమాఱు పొడిగుడ్డతో తుడువవలెను.

కొందఱు సెన్సారుకంటె కెమెరా మేలందురు. ఇంటిబయట ద్వారమునకు మేలే. పడకగదిలో, స్నానపుగది దారిలో, వంటయింట దానిని పెట్టుట నా కిష్టము కాదు. మన కోడండ్రును మనుమరాండ్రును సంచరించు చోటులవి. వేడినీడ తప్ప రూపమెఱుగని సెన్సారువలన ఎవ్వరి మానమునకును భంగము లేదు. బయట పెట్టు కెమెరాయు పొరుగువారి పెరటిలోనికి, వారి నూతిగట్టువైపునకు చూడరాదు. మన ధనమును కాపాడుకొనుట మన హక్కు. పొరుగింటి మర్యాదను కాపాడుట మన ధర్మము.

తాళము వేసి ఊరికి పోవువారికి వేఱొక సదుపాయము గలదు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017లో తాళము వేసిన యిండ్ల పర్యవేక్షణకై ఎల్.హెచ్.ఎం.ఎస్. అను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. ఇంటివారు సెల్ ఫోనుద్వారా పేరు నమోదుచేసికొని, ఫలానా దినములు ఊరనుండమని తెలిపినచో, పోలీసులే కదలికను కనిపెట్టు కెమెరాను ఇంట నమర్తురు. లోపల మనుష్యసంచారమైనయెడల వారి కంట్రోలు రూమునకు చిత్రముతో కూడ హెచ్చరిక చేరును. ఇందులకు రుసుము లేకుండ ఏర్పఱచిరి. ప్రయాణమునకు ముందు మీ పోలీసు స్టేషనులో ఈ సదుపాయమును గూర్చి విచారించుడు. అది మీకు లభింపకపోయినను, ఫలానా యిల్లు ఫలానా దినములు తాళముతో నుండునని వారికి తెలిపివచ్చుట వృథా కాదు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. యంత్రము పిలుచును, పలుకువాడెవడు? ఇచట రాత్రి రెండు గంటలైనపుడు, వేసవిలో అమెరికాయందలి డల్లాసు నగరమున ముందటి దినపు పగలు మూడున్నర. కుమారుడు మేల్కొనియే యుండును. అతని ఫోనునకు క్షణములో వార్త చేరును. కాని అతడు సముద్రముల కావల నున్నాడు. అతడు తిరిగి తల్లిదండ్రులకే ఫోను చేసి "నాన్నగారూ, కిటికీదగ్గఱ ఎవరో యున్నారు, చూడుడు" అన్నచో ఏమగును? డెబ్బదియేండ్ల తండ్రి కఱ్ఱ పుచ్చుకొని చీకటిలో దొంగ కెదురేగును. ఇంతకంటె అపాయము వేఱొకటి లేదు. పోయిన సొమ్మును మరల సంపాదింపవచ్చును. పెద్దప్రాణము పోయిన తిరిగిరాదు.

కావున యంత్రమును గోడకు బిగించుటకు ముందే మూడు పనులు చేయుడు. మొదటిది, చేరువ నున్న మూడు నాలుగు యిండ్లవారు ఒక్కచో కూర్చుండి ఒడంబడిక చేసికొనవలెను. కూత వినబడినచో, లేదా ఫోను వచ్చినచో, ఎవరు ముందు వీధిదీపము వేయుదురు, ఎవరు కేకవేయుదురు, ఎవరు పోలీసులకు ఫోను చేయుదురు అనునది ముందే నిర్ణయించుకొనవలెను. ఒంటరిగ ఎవ్వరును పోరాదు. రెండవది, యంత్రమునుండి వార్త పోవు ఫోనులలో దూరముననున్న కుమారునిదే గాక పొరుగింటివానిదియు నుండవలెను. 112 అను సంఖ్యకు ఫోను చేసినచో పోలీసు సహాయము లభించునని ఇంటిలో అందఱకును తెలిసియుండవలెను. ఆ సంఖ్యను పెద్ద అక్షరములతో గోడమీద వ్రాసి యుంచుడు. మూడవది, కూత విన్నపుడు పెద్దలు చేయవలసినది: పడకగది తలుపు గడియ వేసికొని, దీపములు వెలిగించి, బిగ్గఱగ పిలుచుట. బయటికి పోవుట కాదు. వెలుతురు, శబ్దము, మేల్కొన్న మనుష్యులు, ఈ మూడును ఒక్కమాఱుగ కూడినచోట నిలుచు దొంగ అరుదు. వాడు పాఱిపోయినచో పోనిండు. వానిని పట్టుట మన పని కాదు.

చేయరాని పని యొకటి గలదు. దొంగలమీది కోపముచే కిటికీ చువ్వలకో, పెరటి దడి తీగలకో విద్యుత్తు కలుపు మూర్ఖులు కొందఱున్నారు. ఆ తీగ దొంగను ఎఱుగదు. తెల్లవాఱుజామున పూలు కోయవచ్చిన పసిపిల్లకును, పాలు పోయవచ్చినవానికిని అదియే మృత్యువు. ఆత్మరక్షణకు అవసరమైనదానికంటె అధికమగు హాని చేయు హక్కు ఎవ్వరికిని లేదని 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు చెప్పెను. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఆ నియమమునే నిలిపినది. ధర్మము అంతకుముందే చెప్పియున్నది. అట్లే దొంగలభయముచే కిటికీలన్నిటికిని కదలని కటకటాలు బిగించి, ఇంటిలో నిప్పు పుట్టినపుడు బయటపడు దారి లేకుండ చేసికొనరాదు. ప్రతి పడకగదిలోను ఒక కటకటమునకైన లోపలినుండి తెఱచు గడియయు, చేతికందుచోట దాని తాళపుచెవియు నుండవలెను. ఆ చెవి బయటినుండి చేయి సాచినవానికి అందరాదు.

యంత్రమునకు ఆహారము విద్యుత్తు. గాలివానలో కరెంటు పోయినపుడు, ఇంటిలోని ఇంటర్నెట్టు పెట్టెయు ఆగిపోవును. అప్పుడు దానిద్వారా వార్త పంపు సెన్సారు నోరు మూతపడును. దొంగకు గాలివానరాత్రియే అనుకూలము. కావున బ్యాటరీయు, సిమ్ కార్డుద్వారా వార్త పంపు సామర్థ్యమును, ఇంటిలోనే గట్టిగ మ్రోగు గంటయు గల దానిని ఎంచుకొనుడు. ఉగాదికిని దసరాకును బ్యాటరీని చూచుకొనుట ఆచారముగ పెట్టుకొన్నచో మఱువము. దసరాకు ఆయుధపూజ చేయుదుము గదా; ఇంటిని కాయునదియు ఆయుధమే. బొట్టు మాత్రము దాని కన్నుమీద పెట్టకుడు.

చివరగ, రానున్న దినములను గూర్చి. వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనమునకు శనివారములందు మా మండలమున జనసముద్రము పొంగును. క్రొత్తముఖము లెన్నియో వీధులలో కనబడును; వారిలో నూటికి తొంబదితొమ్మండుగురు భక్తులే. 2015లో గడచిన గోదావరి పుష్కరములు పండ్రెండేండ్లకు 2027లో మరల రానున్నవి. అప్పుడు ఇల్లిల్లు తాళము వేసి రేవులకు పోవుదుము, అతిథులును వత్తురు. అంతవఱకు వేచియుండక, ఈ వారములోనే మీ యింటి కిటికీల నొక్కొక్కటిగ చూచుడు. చువ్వలను చేతితో కదపుడు. చట్రపు అడుగుకఱ్ఱను గోటితో గ్రుచ్చి చూడుడు. మెత్తగ దిగినచో సెన్సారుకంటె ముందు వడ్రంగిని పిలువుడు. ఇప్పటికే సెన్సారు గోడకున్న యింట అది కిటికీ కెదురుగ నున్నదో, ప్రక్కగ నున్నదో చూచి, దాని యెదుట అడ్డముగ నడచి పరీక్షింపుడు. ఆ సాయంకాలమే పొరుగింటి అరుగుమీద కూర్చుండి, రాత్రి మన గంట మ్రోగినచో వారు పలుకుదురా, వారి గంట మ్రోగినచో మనము పలుకుదుమా యని మాటాడుకొనుడు.

సెలవు.